స్కాన్‌లో నా బాధ కనబడుతుందా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, పీజీ చదువుతున్నాను. ఏడాదిన్నర కింద డిప్రెషన్ అని సైకియాట్రిస్ట్ చెప్పారు. ఎనిమిది నెలలుగా ఒకే మాత్ర, ఒకే మోతాదులో వాడుతున్నాను, ఇప్పుడు చాలావరకు బాగానే ఉన్నాను. మా యూనివర్సిటీలో సైకాలజీ వాళ్లు ఒక పరిశోధనకి వాలంటీర్లు కావాలని పోస్టర్ పెట్టారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ల మెదడు బాధకి సంబంధించిన మాటల్ని ఏ భాషలో ఎలా తీసుకుంటుందో చూస్తారట. డిప్రెషన్ వచ్చినవాళ్లు, రానివాళ్లు ఇద్దరూ కావాలట. ఒకరోజు ప్రశ్నలు, తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు సంకేతాల్ని గీతలుగా రికార్డు చేసే ఈఈజీ. ఇంకోరోజు ఎమ్మారై. అమ్మేమో "తలకి కరెంటు పెట్టించుకుంటావా, ఉన్నది కూడా పోగొట్టుకుంటావు" అంటోంది. ఇంకో చిక్కు, మాత్రలు వాడేవాళ్లు అర్హులు కారని కింద రాసుంది. ఒక నెల ఆపేసి వెళ్దామా అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే నాకు కావాల్సింది ఆ స్కానే. నాకు నిజంగా జబ్బు ఉందా, లేక నా బద్ధకానికి నేనే ఒక పేరు పెట్టుకున్నానా అన్నది అందులో తేలిపోతుంది కదా. వెళ్లమంటారా?

జవాబు: మాత్రలు ఆపకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ముందే చెప్పేస్తున్నాను, మీ ఉత్తరంలో నా గుండె ఝల్లుమన్న చోటు అదే. డిప్రెషన్‌కి వాడే మందుల్ని ఉన్నట్టుండి మానేస్తే చాలామందికి తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, తలలో ఒక్క క్షణం షాక్ కొట్టినట్టు జివ్వుమనడం లాంటివి మొదలవుతాయి. అమ్మ భయపడుతున్న ఆ కరెంటేదో ల్యాబ్ దాకా వెళ్లక్కర్లేకుండా ఇంట్లోనే తగులుతుందన్నమాట. తగ్గిన జబ్బు తిరగబెట్టొచ్చు కూడా, అది ఇంకా పెద్ద సంగతి. మందు తగ్గించాలన్నా ఆపాలన్నా మీరూ మీ డాక్టరూ కూర్చుని మాట్లాడుకుని కొద్దికొద్దిగా చేసే పని, పోస్టర్ చూసి చేసేది కాదు. మీ డాక్టర్‌తో సంబంధం లేకుండా "మందులు ఆపి రండి" అనే పరిశోధకుడు ఎక్కడైనా తగిలితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. పోనీ వాడుతూనే వాడట్లేదని రాసేద్దామా అనుకుంటారేమో, అదీ వద్దు. ఆ మందులు మెదడు సంకేతాల్ని కొంత మార్చగలవు, అందుకే వాళ్లు ఆ నియమం పెట్టుకున్నారు, మీ రీడింగులు తప్పు గుంపులో పడితే వాళ్ల లెక్కలే తప్పుతాయి.

చేయాల్సింది చిన్న పని. పోస్టర్ మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి, ఎనిమిది నెలలుగా ఒకే మోతాదు వాడుతున్నాను, తీసుకుంటారా అని ఉన్నదున్నట్టు అడగండి. కొన్ని స్టడీలు మోతాదు కొంతకాలంగా మారకుండా ఉంటే చాలంటాయి. కుదరదంటే కుదరదు, ఇలాంటివి మళ్లీ వస్తూనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. మీకు కావాల్సింది స్కాన్ అన్నారు, మీరు అడుగుతున్న జవాబు మాత్రం అది ఇవ్వగలిగేది కాదు. ఇప్పుడే చెబితే నిరుత్సాహపడతారని తెలుసు, వెళ్లి వచ్చాక పడేదాని కన్నా ఇది నయం. మెషిన్లు, ఫారాలు, మర్యాదగా మాట్లాడే మనుషులు, అన్నీ ఆసుపత్రిలాగే ఉండేసరికి పరిశోధననీ వైద్యాన్నీ మనసు కలిపేసుకుంటుంది. ఇది ఎంత మామూలంటే, 1982లో పాల్ యాపెల్‌బామ్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్, ఆయన సహచరులు దీనికి ‘థెరప్యూటిక్ మిస్‌కన్సెప్షన్’ అని పేరే పెట్టారు, పరిశోధనని చికిత్స అనుకునే పొరపాటు అని. వాళ్లు గమనించింది కూడా మానసిక సమస్యలతో పరిశోధనల్లో చేరినవాళ్లనే. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయిస్తామని విడమర్చి చెప్పినా, "నాకు ఏది మంచిదో చూసి అదే ఇస్తారులే" అని నమ్మినవాళ్లున్నారు.

నేను కొంతకాలం ఇలాంటి ల్యాబ్‌లోనే పనిచేశాను, వచ్చినవాళ్ల తలకి ఎలక్ట్రోడ్లు పెట్టడం, అయ్యాక జెల్ తుడుచుకోవడానికి టవల్ ఇవ్వడం, అదీ నా ఉద్యోగం. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి "అంతా బాగానే ఉందాండీ?" అని అడగనివాళ్లు తక్కువ. ఏం చెప్పను? నాకు కనబడేవి గీతలు. వాటిని చూసి ఆ మనిషి గురించి చెప్పే చదువు నాకు లేదు, ఆ స్టడీ పెట్టింది దానికోసమూ కాదు.

ఎమ్మారై బొమ్మల్లో మెదడులో ఎర్రగా, పసుపుగా వెలిగే చోట్లు చూసే ఉంటారు. ఆ రంగులు తలలోనూ లేవు, మెషిన్‌లోనూ లేవు, లెక్కలు వేశాక కంప్యూటర్లో పూసినవి. మెదడులో ఒక చోట పని ఎక్కువైతే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, తగ్గిన రక్తం అయస్కాంతం దగ్గర వేరువేరుగా ప్రవర్తిస్తాయి, ఆ తేడా స్కానర్‌కి అందుతుందని 1990లో సెయిజి ఒగావా బృందం చూపించింది. అంటే స్కానర్ చూసేది ఆలోచనని కాదు, ఆలోచన వెనక పరిగెత్తే రక్తాన్ని, అది కూడా పూర్తిగా చేరేసరికి ఐదారు సెకన్లు పడుతుంది. ఒక్కసారి చూస్తే ఏదీ తేలదు కాబట్టి పదేపదే చూపించి, చాలామంది మీద సగటు తీసి, అప్పుడు రంగు వేస్తారు. ఆ లెక్కలో ఒళ్లు దగ్గర పెట్టుకోకపోతే ఏమవుతుందో చూపించడానికి 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు, సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీళ్లు ఏ భావంలో ఉన్నారో చెప్పమని ‘అడిగారు’. వేల చోట్లని ఒకేసారి పరీక్షిస్తే కొన్ని ఊరికే యాదృచ్ఛికంగా వెలుగుతాయి, దానికి చేయాల్సిన సవరణ చేయకపోతే చచ్చిన చేప తలలోనూ చుక్కలు వెలిగాయి! దానికి 2012లో ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి అది. నవ్వొచ్చే కథే గానీ, ఆ రంగంలో చాలామంది దాన్ని సీరియస్‌గానే తీసుకున్నారు.

డిప్రెషన్ మాటకొస్తే, 2022లో జర్మనీ పరిశోధకులు దాదాపు 1,800 మందిని తీసుకుని, డిప్రెషన్ ఉన్నవాళ్లని లేనివాళ్లతో పోల్చారు. మెదడు ఆకారం, పనితీరు, ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య తీగలు, అన్నీ కొలిచారు. ఏ కొలతలో చూసినా రెండు గుంపుల అంకెలూ 87 నుంచి 95 శాతం దాకా ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. ఒక్క మనిషి స్కాన్ పట్టుకుని ఈయన ఏ గుంపు అని చెప్పబోతే 54 నుంచి 56 శాతమే సరిపోయింది, నాణెం ఎగరేసి చెప్పడం కన్నా రవ్వంత మెరుగు. అదే ఏడాది స్కాట్ మారెక్ బృందం ఇంకో లెక్క తేల్చింది: మెదడు కొలతలకీ మనిషి స్వభావానికీ ఉండే సంబంధాలు ఎంత చిన్నవంటే, వాటిని నమ్మకంగా పట్టుకోవాలంటే వేలమంది కావాలి, మామూలు స్టడీల్లో ఉండేదేమో పాతిక మంది.

అందుకే నాకు భయం. మీ స్కాన్ మామూలుగా వచ్చిందనుకోండి, అలా రావడానికే అవకాశం ఎక్కువ, మీరు ఇంటికెళ్లి "చూశావా, నాదంతా నాటకమే" అనుకుంటారు. ఆ మాట ఆ స్కాన్ అనదు, అసలు అలాంటిది చెప్పడం దానికి చేతకాదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకి తల పగిలిపోతున్నా స్కాన్ మామూలుగానే ఉంటుంది, ఎవరూ దాన్ని బద్ధకం అనరు. మీ డాక్టర్ కూడా ఏ ఫొటో చూసి మీకు డిప్రెషన్ అనలేదు. నిద్ర, ఆకలి, ఓపిక, ధ్యాస, ఇష్టమైనవాటి మీద ఆసక్తి, ఇలా తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉన్నాయా, వాటిలో దిగులో నిరాసక్తతో ఒకటి తప్పకుండా ఉందా అని అడిగి తేల్చే పద్ధతి అది. ఆ తొమ్మిదిలో ఒకటి ఏమిటో తెలుసా? నేను దేనికీ పనికిరాను, తప్పంతా నాదే అనుకోవడం. "నా బద్ధకానికి నేనే పేరు పెట్టుకున్నానా" అన్న మీ మాట నాకు ఆ లిస్టులోంచి ఊడిపడినట్టే అనిపించింది. మీ డాక్టర్‌ని ఎప్పుడైనా ఈ ప్రశ్న అడిగారా? అడిగి ఉండరు, నవ్వుతారేమోనని చాలామంది అడగరు. వచ్చేసారి ఇదే అడగండి, మీరు నాకు రాసిన ముక్కల్లోనే. అది వాళ్లకి కొత్త కాదు.

మరయితే వెళ్లడం దేనికి అంటారా? ఈ స్టడీ అడుగుతున్న ప్రశ్న నాకు నిజంగా నచ్చింది, అందుకు.

"దాహం వేసి గ్లాసెడు కుర్చీ తాగాడు." ఈ వాక్యం చదువుతూ ‘కుర్చీ’ దగ్గర మీరు తడబడ్డారు కదా. మీ తలకి అప్పుడు ఈఈజీ పెట్టి ఉంటే, ఆ మాట కనబడిన సుమారు 400 మిల్లీసెకన్లకి, అంటే అర సెకను కూడా కాకముందే, గీత ఒక ప్రత్యేకమైన తీరులో వంగేది. 1980లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగోలో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ దీన్ని కనిపెట్టారు, ఎన్400 అంటారు. అప్పట్నుంచి రెండో భాషలో ఈ తడబాటు ఆలస్యంగా వస్తుందా, బాధ కలిగించే మాటల దగ్గర మారుతుందా అని రకరకాలుగా చూస్తూనే ఉన్నారు. 2003లో బాస్టన్ యూనివర్సిటీకి చెందిన కేథరిన్ హారిస్, ఆమె సహచరులు టర్కిష్ మాతృభాషగా ఉండి పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకి రెండు భాషల్లోనూ మాటలు వినిపిస్తూ వేళ్ల దగ్గర చెమట కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు పెట్టే చీవాట్లలాంటివి అమ్మభాషలో విన్నప్పుడు ఒళ్లు ఎక్కువ స్పందించింది. మనకి ఇది ల్యాబ్ లేకుండానే తెలుసు, "ఐ యామ్ డిప్రెస్డ్" అని ఎవరికైనా చెప్పేయొచ్చు, "నాకు బతకాలని లేదు" అనడానికి నోరు రాదు. తెలిసినదాన్ని కొలవడం మాత్రం వేరే పని.

ఇంకొకటి చెప్తాను, ఇది వింటే మీలాంటివాళ్లు ఎందుకు కావాలో అర్థమవుతుంది. టెక్సస్ యూనివర్సిటీలో స్టెఫనీ రూడ్, జేమ్స్ పెన్నీబేకర్ తదితరులు 2004లో కాలేజీ విద్యార్థులు రాసిన వ్యాసాలు లెక్కపెట్టి చూస్తే, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ‘ఐ’ అనే మాట ఎక్కువసార్లు వాడారు. బాగానే ఉంది. తెలుగులో అదే లెక్క ఎలా పెడతారు? "వెళ్లాను, పడుకున్నాను, లేవలేకపోయాను" అంటే మూడు ‘నేను’లు క్రియల్లోనే దాక్కున్నాయి, ఒక్కటీ పైకి కనబడదు. అంతకన్నా చిత్రం, "ఏడుపొచ్చింది, విసుగ్గా ఉంది, నిద్ర పట్టలేదు" అంటామే, అక్కడ మనిషి అసలు కర్తే కాదు. ఏడుపు వచ్చింది, నిద్ర పట్టలేదు, మనం ‘నాకు’ అని ఒక పక్కన నిలబడ్డాం, చాలాసార్లు ఆ ‘నాకు’ కూడా అనం. ఇంగ్లీషు వ్యాసాల్లో దొరికిన గుర్తుని ఇలాంటి భాష మీద గుడ్డిగా పెట్టలేం కదా. సైకాలజీకి ఇది పాత జబ్బు. ప్రముఖ పత్రికల్లోని ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లని 2010లో జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు ఎత్తిచూపారు. వాళ్లలోనూ ఎక్కువమంది కాలేజీ పిల్లలే, క్లాసు పక్కనే దొరుకుతారు కాబట్టి.

అమ్మ భయం సంగతి. దాన్ని కొట్టిపారేయకండి, సగం తప్పు, సగం ఒప్పు.

తప్పు ఏమిటంటే, ఈఈజీ తలలోకి ఏమీ పంపదు. మెదడు తనంతట తాను పుట్టించే కరెంటునే పైనుంచి వింటుంది, చర్మం దగ్గర అది కొన్ని పదుల మైక్రోవోల్టులే. 50 మైక్రోవోల్టులు అనుకుంటే, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లులో 30,000వ వంతు. దీన్ని మనిషి తల మీద మొదట పట్టుకున్నది హాన్స్ బెర్గర్ అనే జర్మన్ సైకియాట్రిస్ట్, 1924లో. ఆయన వెతికింది నిజానికి టెలిపతీని, మనసు నుంచి మనసుకి ఏదో శక్తి వెళ్తుందని ఆయన నమ్మకం, అది దొరకలేదు గానీ ఇది దొరికింది. మొదట్లో ఆయన ఎలక్ట్రోడ్లు పెట్టినవాళ్లలో ఆయన కొడుకూ ఉన్నాడు, అమ్మకి ఆ సంగతి చెప్పండి. ఎమ్మారైలో కూడా సీటీ స్కాన్‌లాగా రేడియేషన్ ఉండదు, ఉన్నదల్లా పెద్ద అయస్కాంతం, పెద్ద చప్పుడు, ఇరుకు. అయస్కాంతం తమాషా కాదు. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పులు, ఇనుప రజను, ఏది ఉన్నా ముందే చెప్పాలి. ఇరుకంటే ఊపిరాడనట్టు ఉండే మనిషైతే మొహమాటపడకుండా వద్దనండి. లోపల చేతికి ఒక రబ్బరు బుడ్డి లాంటిది ఇస్తారు, నొక్కితే బయటికి తీస్తారు. ఒక్కటి మాత్రం అడిగి కనుక్కోండి: ఈ స్టడీలో రికార్డు చేయడమేనా, తల మీదనుంచి మెదడుని ప్రేరేపించే పరికరాలు కూడా ఉన్నాయా అని. టీడీసీఎస్ అనేదాంట్లో నిజంగానే స్వల్పంగా కరెంటు పంపుతారు, టీఎంఎస్‌లో అయస్కాంతంతో పుట్టిస్తారు. అవి ఉంటే అమ్మ ప్రశ్న సరైన ప్రశ్నే, మూర్ఛలు ఎప్పుడైనా వచ్చాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి అక్కడ చాలా ముఖ్యం.

ఒప్పు ఏమిటంటే, యూనివర్సిటీ అన్నంత మాత్రాన నమ్మేయక్కర్లేదు. 1939లో అయోవా యూనివర్సిటీలో వెండెల్ జాన్సన్ ఆధ్వర్యంలో 22 మంది అనాథ పిల్లల మీద నత్తి గురించి ఒక ప్రయోగం జరిగింది. చక్కగా మాట్లాడుతున్న పిల్లల్లో కొందరికి మీకు నత్తి మొదలవుతోందని పదేపదే చెప్పారు. ఆ పిల్లలు మాట్లాడ్డానికే వెనకాడడం మొదలుపెట్టారు. యూనివర్సిటీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2001లో. జాన్సన్ రాక్షసుడేం కాదు, ఆయనకే నత్తి ఉండేది, దానికి కారణం కనిపెట్టాలన్న తపనే అంత పనీ చేయించింది. అందుకే నాకు పరిశోధకుల మంచితనం మీద కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ.

ఆ కాగితం, సమ్మతి పత్రం, ఇంటికి తెచ్చుకుని చదవండి, వాళ్లు ‘ఇవ్వం’ అంటే ఆ స్టడీకే వెళ్లకండి. ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, పేరు తీసేసి కోడ్ పెడతారా, ఆ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, మీ డేటా ఇతర పరిశోధకులకి ఇస్తారా, మధ్యలో మానేస్తే అప్పటిదాకా తీసుకున్నది చెరిపేస్తారా లేదా, ఇవన్నీ అందులో ఉండాలి. మధ్యలో మానేయడానికి కారణం చెప్పక్కర్లేదు. ఆ టీమ్‌లో ఎవరైనా మీకు పాఠం చెప్పేవాళ్లో, మార్కులు వేసేవాళ్లో అయితే జాగ్రత్త, "కాదు" అనడం మీకు నిజంగా తేలికేనా అని మిమ్మల్ని మీరు అడగండి.

రెండు విషయాలు ఫారంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి, పోస్టర్ మీద ఉండవు. ఒకటి, స్కాన్‌లో అనుకోకుండా ఏదైనా కనబడితే ఏం చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని స్కాన్ చేసినా నూటికి ఇద్దరు ముగ్గురిలో రక్తనాళం ఉబ్బో, చిన్న గడ్డో, తిత్తో కనబడుతుంది, ఎక్కువ వాటితో ప్రమాదం ఉండదు. మీకు చెబుతారా లేదా, చూసేది రేడియాలజిస్టా కాదా అని ముందే అడగండి. ఏమీ చెప్పలేదంటే అంతా బాగున్నట్టు కాదు, అంత వివరంగా చూసే స్కాన్ అది కాకపోవచ్చు.

రెండోది, ప్రశ్నల రోజు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఇచ్చే అవకాశం ఉంది, మీ డాక్టర్ దగ్గర నింపే ఉంటారు. ఆఖరిది చచ్చిపోతే బాగుండనో, ఒంటికి హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అని అడుగుతుంది. అక్కడ ‘అవును’ అని పెడితే ల్యాబ్‌లో ఏం చేస్తారో, ఎవరికి చెబుతారో ముందే తెలుసుకోండి, గోప్యతకి అక్కడ ఒక హద్దు ఉంటుంది, అది ఉండాలి కూడా. అలాంటి ఆలోచనలు ఇప్పుడు వస్తున్నాయంటే ఫారం దాకా ఆగొద్దు, ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. బాగున్నా సరే, ఒక గంటపాటు బాధ మాటలు రెండు భాషల్లో చదివి వస్తే సాయంత్రం కాస్త బరువుగా ఉండొచ్చు. మర్నాడు పరీక్ష ఉన్న రోజు పెట్టుకోకండి.

నన్నడిగితే, మందులు వాడుతున్నా తీసుకుంటామంటే వెళ్లండి, వాళ్లు మీ గురించి ఏదో చెబుతారని కాకుండా మీరు వాళ్లకి ఏదో చెప్పడానికి. అమ్మని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ గీతలు కదలడం చూస్తే ఆవిడ భయం కొంత తగ్గుతుంది. మీరు కళ్లు మూసుకోగానే తల వెనక భాగంలో సెకనుకి పదిసార్లు ఊగే అలలు మొదలవుతాయి, తెరవగానే సద్దుమణుగుతాయి, చూపించమని అడగండి, ఎవరూ కాదనరు. ఆ రోజు తలస్నానం చేసి, బాగా ఆరబెట్టుకుని వెళ్లండి. నూనె మాత్రం రాసుకోకండి, ఎలక్ట్రోడ్లు పట్టుకోవు, నాలాంటి అసిస్టెంట్ ఎవరో అరగంట సేపు మీ తల పట్టుకుని తంటాలు పడాలి.